అన్ని కణాల్లో ఒకే జన్యువులుంటే, ఏ కణం ఎప్పుడు విభజన చెందాలో ఎలా తేలుతుంది?

తమ్ముడూ, నల్గొండలో బీఎస్సీ చదువుతున్నానన్నావు కదా, కుళ్లిన బత్తాయిల చుట్టూ ముసిరే చిన్న ఈగలను చూసే ఉంటావు. ల్యాబుల్లో పెంచే డ్రోసోఫిలా అలాంటిదే. అందులో యాంటెన్నపీడియా జన్యువు తల భాగంలో పనిచేస్తే మీసాల చోట కాళ్లు మొలుస్తాయి! జన్యువు అన్ని కణాల్లోనూ ఉంటుంది; ఎక్కడ, ఎప్పుడు పనిచేస్తుందన్నదే అసలు సంగతి.

'ఎప్పుడు' అన్నదానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ సీ. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పురుగు. లిన్-14 ప్రోటీన్ ఎక్కువగా ఉన్నంతకాలం దాని కణాలు మొదటి లార్వా దశ విభజనలే చేస్తాయి. తర్వాత లిన్-4 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ వచ్చి, లిన్-14 మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు (జన్యువు నుంచి ప్రోటీన్ తయారీ సూచనలను మోసుకొచ్చే అణువుకు) అతుక్కుని, ఆ ప్రోటీన్ తయారీని తగ్గిస్తుంది. అప్పుడే కణాలు రెండో దశకు కదులుతాయి. లిన్-4 చెడిపోతే పాత విభజనలే మళ్లీ మళ్లీ జరుగుతాయి. 1993లో దీన్ని బయటపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.