వీసీ మారితే రాష్ట్రానికి ఒరిగేదేంటి?

ప్రశ్న: యూనివర్సిటీకి కొత్త వీసీ వస్తే పేపర్లో ఫొటో పడటం తప్ప రాష్ట్రానికి ఏం ఒరుగుతుందండీ? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలా ఒరుగుతుందండీ, ఆ కుర్చీలో పని తెలిసిన మనిషి ఉంటే. కాలిఫోర్నియానే చూడండి. 1958లో క్లార్క్ కెర్ అక్కడి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు ప్రెసిడెంట్ అయ్యాడు, అంటే బర్క్‌లీ, లాస్ ఏంజిలస్ లాంటి క్యాంపస్‌లన్నిటికీ కలిపి పెద్ద. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు కాలేజీకి రాబోతున్నారు, సీట్లు చాలవు, పైగా యూనివర్సిటీ వాళ్లూ స్టేట్ కాలేజీల వాళ్లూ నిధుల కోసం, కోర్సుల కోసం గొడవపడుతున్నారు. కెర్ రెండు పక్షాలనూ కూర్చోబెట్టి 1960లో మాస్టర్ ప్లాన్‌కు ఒప్పించాడు. హైస్కూలు పూర్తిచేసిన వాళ్లలో పై ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, రెండేళ్ల కాలేజీలు మాత్రం ఎవరొచ్చినా చేర్చుకోవాలి.

నాకు బాగా నచ్చిందేంటంటే, రెండేళ్ల కాలేజీలో బాగా చదివిన పిల్ల మూడో ఏడాదికి బర్క్‌లీలోనే చేరొచ్చు, అంటే పదిహేడేళ్లప్పుడు మార్కులు తగ్గాయని దారి మూసుకుపోదు. మన దగ్గర ఒక్క ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు కోసం ఇంటిల్లిపాదీ టెన్షన్ పడతాం. పాలిటెక్నిక్ చదివినవాళ్లు ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరుతున్నారు కదా, అలాంటి దారులు డిగ్రీ పిల్లలకూ ఇంకా కావాలని ప్రభుత్వం దగ్గర పట్టుబట్టే వీసీలు మనకు కావాలి.

ఇక రాష్ట్రానికి ఏం ఒరిగిందంటారా, కెర్ హయాంలోనే శాన్ డియాగో, అర్వైన్, శాంటా క్రూజ్‌లలో కొత్త క్యాంపస్‌లు వచ్చాయి. శాన్ డియాగో క్యాంపస్‌లో పాఠాలు చెప్పిన ఇర్విన్ జేకబ్స్ తర్వాత 1985లో అదే ఊళ్లో మరికొందరితో కలిసి మొబైల్ చిప్‌ల కంపెనీ క్వాల్కామ్ పెట్టాడు. హైదరాబాద్‌లో మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న క్వాల్కామ్ అదే. యూనివర్సిటీ పెట్టిన ఏడాదే ఇలాంటివి కనిపించవు, పాతికేళ్లు పడుతుంది, అందుకే వీసీ పదవిని రాజకీయ బహుమతిగా పంచిపెడితే నాకు ఒళ్లు మండుతుంది.

కెర్‌కూ రాజకీయం తప్పలేదు. 1964లో బర్క్‌లీ విద్యార్థులు ఉద్యమం చేస్తే వాళ్లమీద మెతకగా ఉన్నాడని నింద వేశారు, 1967లో రీగన్ గవర్నర్ అయిన కొన్ని వారాలకే పాలకమండలి ఆయన్ని తీసేసింది. ప్లాన్ మాత్రం నిలిచింది. అయితే రాష్ట్రం పిల్లలకు ట్యూషన్ ఫీజు ఉండదని అందులో రాసుకున్న మాట నిలబడలేదు, ఇప్పుడు స్థానిక పిల్లలు కూడా ఏటా వేల డాలర్లు కడుతున్నారు, అది తలుచుకుంటే నాకు బాధే.