ముట్టుకోకుండానే నడిచే పాత్ర, చందా ఆగితే మూతపడే ఆట: కన్సోల్ గేమింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కన్సోల్‌తో వాడే డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్ కొని ఏడాదిన్నర అయింది. ఎడమ స్టిక్‌ను ముట్టుకోకపోయినా ఆటలో పాత్ర మెల్లగా ఎడమ పక్కకు నడుస్తోంది. రీసెట్ చేస్తే రెండు రోజులు బాగుంది, తర్వాత మళ్లీ మొదలైంది. కొత్తది కొనాల్సిందేనా?

జవాబు: అప్పుడే కొనకండి. దీన్ని డ్రిఫ్ట్ అంటారు. స్టిక్ కింద ఉండే చిన్న పెట్టెకు రెండు పక్కల రెండు పొటెన్షియోమీటర్లు ఉంటాయి. ఒకటి అడ్డం కదలికను, మరొకటి నిలువు కదలికను కొలుస్తుంది. వీటి లోపల కార్బన్ పూత పూసిన పట్టీ మీద సన్నని లోహపు ముల్లు జారుతూ ఉంటుంది. స్టిక్ నడిమధ్య ఉన్నప్పుడు వోల్టేజి సగం దగ్గర నిలవాలి. పట్టీ అరిగినా, అరిగిన పొడి ముల్లు కింద చేరినా ఆ సగం పక్కకు జరుగుతుంది. కంట్రోలర్ దాన్ని మీ వేలి కదలికే అనుకుంటుంది. స్టిక్‌ను మధ్యకు తెచ్చే స్ప్రింగ్ సడలినా ఇదే జరుగుతుంది.

రీసెట్ చేస్తే కన్సోల్‌తో ఉన్న జోడింపు చెరిగిపోయి కంట్రోలర్ మళ్లీ మొదలవుతుంది, అంతే. అరిగిన పట్టీ అలాగే ఉంటుంది కాబట్టి రెండు రోజులకే మళ్లీ కనిపించింది.

ముందు రోగం ఏమిటో చూడండి. యూఎస్‌బీ కేబుల్‌తో కంట్రోలర్‌ను కంప్యూటర్‌కు కలిపి, బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ పరీక్ష పేజీ తెరవండి. వదిలేసిన స్టిక్ రెండు అంకెలూ సున్నా దగ్గర ఉండాలి. 0.05 లోపు తేడాను చాలా ఆటల్లోని డెడ్ జోన్, అంటే స్టిక్ చిన్న కదలికలను ఆట పట్టించుకోని పరిధి, సర్దేస్తుంది. ఆట సెట్టింగుల్లో ఆ డెడ్ జోన్‌ను కాస్త పెంచి చూడండి. అంకె నిలకడ లేకుండా ఎగిరెగిరి పడుతుంటే మురికో అరుగుదలో ఉన్నట్టు. కదలకుండా ఒకేచోట పక్కకు నిలిచి ఉంటే స్ప్రింగ్‌నో, కేంద్రం తప్పడాన్నో అనుమానించాలి.

మురికి అనిపిస్తే కంట్రోలర్ పూర్తిగా ఆపేయండి. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను స్టిక్ మొదట్లో ఒకటి రెండు చుక్కలు వేసి, స్టిక్‌ను అన్ని వైపులా నిమిషం పాటు తిప్పండి. కనీసం అరగంట ఆరనిచ్చి, ఆ తర్వాతే ఆన్ చేయండి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు మాత్రం వాడొద్దు. వాటి జిడ్డు లోపలే ఉండిపోయి దుమ్మును పట్టుకుంటుంది. మురికే కారణమైతే దీంతో పోతుంది. పట్టీ అరిగి ఉంటే కొన్నాళ్లు సర్దుకుని మళ్లీ వస్తుంది.

అప్పుడిక మిగిలేది స్టిక్ మాడ్యూల్, అంటే స్టిక్‌తో సహా ఆ చిన్న పెట్టెను మార్చడం. డ్యూయల్‌సెన్స్‌లో అది బోర్డుకు 14 చోట్ల సోల్డర్ (కరిగించిన లోహంతో అతికించడం) అయి ఉంటుంది. పాత సోల్డర్ పూర్తిగా తీయకుండా లాగితే బోర్డు మీది రాగి ప్యాడ్లు ఊడొస్తాయి, దాంతో కంట్రోలరే పనికిరాకుండా పోతుంది. సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లు మొదటి ప్రయత్నం దీని మీద చేయకూడదు, తెలిసిన మెకానిక్‌కు ఇవ్వండి. కొత్త మాడ్యూల్ వేశాక క్యాలిబ్రేషన్ (స్టిక్ కేంద్రాన్ని కంట్రోలర్‌కు మళ్లీ సరిగ్గా గుర్తు చేయించడం) చేస్తారా అని తప్పక అడగండి. అది చేయకపోతే కొత్త భాగంతోనూ డ్రిఫ్ట్ కనిపించవచ్చు. వారంటీ ఇంకా ఉన్నవాళ్లు మాత్రం స్క్రూ కూడా ముట్టుకోవద్దు.

మార్చడం ఖాయమైతే హాల్ ఎఫెక్ట్ మాడ్యూల్ అడగడం మేలు. అందులో అయస్కాంతం, సెన్సర్ ఒకదాన్నొకటి తాకవు, కాబట్టి పట్టీ అరగడమన్న సమస్యే ఉండదు. ఇదేం కొత్త సంగతి కాదు. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్ స్టిక్ ఇలాగే పనిచేసేది. ఖరీదైన రకం కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో సోల్డర్ లేకుండానే మాడ్యూల్ మార్చుకోవచ్చు. అయితే ఆ మాడ్యూల్‌లోనూ ఉండేది పొటెన్షియోమీటర్లే.

ప్రశ్న: ప్లేస్టేషన్ ప్లస్ చందా ఆపేస్తే ఇన్నాళ్లూ తీసుకున్న ఆటలన్నీ పోతాయా?

జవాబు: అవి ఎలా వచ్చాయన్న దాన్ని బట్టి ఉంటుంది. చందాలో మొదటి స్థాయి అయిన ఎసెన్షియల్‌లో నెలనెలా ఇచ్చే ఆటలను ఆ నెలలోనే లైబ్రరీలో చేర్చుకుంటే, చందా ఉన్నంతకాలం ఆడొచ్చు. ఆపితే తాళం పడుతుంది, మళ్లీ కడితే తెరుచుకుంటుంది. అందుకే ఇప్పుడు ఆడే ఉద్దేశం లేకపోయినా ప్రతి నెలా చేర్చి పెట్టుకోండి. డౌన్‌లోడ్ అక్కర్లేదు.

పై స్థాయిలైన ఎక్స్‌ట్రా, ప్రీమియంల క్యాటలాగ్ సంగతి వేరు. చందా కడుతూనే ఉన్నా, ఆ జాబితా నుంచి ఆట తీసేసిన రోజున అది మీకు అందదు. అరవై గంటల ఆట మొదలుపెట్టే ముందు, అది త్వరలో వెళ్లిపోయే ఆటల వరుసలో ఉందేమో చూసుకోండి. డిస్కుగా గానీ స్టోర్‌లో గానీ డబ్బు పెట్టి కొన్నవాటికి ఈ బెడద లేదు. చందాలో ఉన్నప్పుడు తగ్గింపు ధరకు కొన్నవి కూడా మీవే.

సేవ్ ఫైళ్లు కన్సోల్‌లోనే ఉంటాయి కాబట్టి ఆట మళ్లీ దొరికితే ఆగినచోటు నుంచి ఆడొచ్చు. అయితే పీఎస్5 ఆటల సేవ్‌లను విడిగా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే వీలు లేదు, క్లౌడ్‌లో దాచాలంటే చందా కావాలి. కన్సోల్ అమ్మేవాళ్లు ఇది మరచిపోయి ఎక్కువగా నష్టపోతుంటారు. ఎక్స్‌బాక్స్‌లో క్లౌడ్ సేవ్ అందరికీ ఉచితం. నింటెండోలో చందా ముగిశాక 180 రోజుల వరకు దాచి ఉంచుతారు.

ప్రశ్న: డెమోకూ ట్రయల్‌కూ తేడా ఏమిటి? ఒక ట్రయల్ డౌన్‌లోడ్ కావడానికే రాత్రంతా పట్టింది.

జవాబు: డెమో అంటే తయారుచేసినవాళ్లే విడిగా కోసి ఇచ్చిన ముక్క. చిన్నదిగా ఉంటుంది, చాలావాటికి సమయ పరిమితి ఉండదు, చందా అక్కర్లేదు. అందులో ఆడినది అసలు ఆటలోకి వస్తుందో లేదో ఆటను బట్టి మారుతుంది, వివరణలో రాస్తారు. ట్రయల్ అంటే పూర్తి ఆటకే గడియారం కట్టినట్టు. అందుకే డౌన్‌లోడ్ కూడా పూర్తి ఆటంత ఉంటుంది. ఈఏ అనే గేమ్ కంపెనీ చందా ఈఏ ప్లేలో చాలా ఆటలకు 10 గంటలిస్తారు. ప్లేస్టేషన్‌లో ట్రయల్స్ ప్రీమియం స్థాయికి దొరుకుతాయి. తర్వాత కొంటే ట్రోఫీలు, సేవ్ అలాగే కొనసాగుతాయి.

పాజ్ చేసి భోజనానికి వెళ్తే సమయం ఆగిందని నమ్మొద్దు. ఆటను పూర్తిగా మూసేయండి. స్క్రీన్ ప్రకాశం, బటన్ల అమరిక లాంటి పనులు మొదటి పది నిమిషాల్లో ముగించి, ఆ ఆటలో మీకు అనుమానమున్న భాగానికి నేరుగా వెళ్లండి.

డెమో ఉంటే దాన్ని దాటేసి కొనకండి. ప్లేస్టేషన్ స్టోర్‌లో కొన్న 14 రోజుల్లోపు డబ్బు వెనక్కి అడగొచ్చు, కానీ డౌన్‌లోడ్ మొదలుపెట్టారంటే ఆ హక్కు సాధారణంగా పోయినట్టే. కొన్న వెంటనే ఆటోమేటిక్‌గా డౌన్‌లోడ్ కాకుండా ముందే ఆపి ఉంచుకోండి.

ప్రశ్న: ఇంట్లో ఒకే పీఎస్5, ఇద్దరు పిల్లలకు రెండు ఖాతాలు. రెండు చందాలు కట్టాలా?

జవాబు: అక్కర్లేదు. చందా ఉన్న ఖాతాలో కన్సోల్ షేరింగ్, ఆఫ్‌లైన్ ప్లే ఆన్ చేస్తే, అదే కన్సోల్‌లోని రెండో ఖాతాకూ ఆన్‌లైన్ ఆట, క్యాటలాగ్ అందుతాయి. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత ఆటలను ఆన్‌లైన్‌లో ఆడటానికైతే అసలు చందాయే వద్దు.

ప్రశ్న: పీఎస్4 పాత కంట్రోలర్ డ్యూయల్‌షాక్ 4 కొత్త కన్సోల్‌కు పనికొస్తుందా?

జవాబు: పీఎస్5లో పీఎస్4 ఆటలకు పనికొస్తుంది, పీఎస్5 ఆటలకు పనికిరాదు. ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్‌కు ఈ అడ్డు లేదు, సిరీస్ ఎక్స్, ఎస్ రెండింటిలోనూ అన్ని ఆటలకూ నడుస్తుంది.

ప్రశ్న: బయటి హార్డ్ డిస్క్ పెట్టినప్పటి నుంచి కంట్రోలర్ మధ్యమధ్యలో తెగిపోతోంది. కంట్రోలర్ పాడైందా?

జవాబు: డిస్క్ తీసేసి ఒక గంట ఆడి చూడండి. సమస్య పోతే కంట్రోలర్ తప్పు కాదు. యూఎస్‌బీ 3.0 పరికరాలు, వాటి కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాయి. కంట్రోలర్ కన్సోల్‌తో మాట్లాడేది కూడా ఆ ఫ్రీక్వెన్సీలోనే. డిస్క్‌ను వెనక పోర్టుకు మార్చండి, మంచి షీల్డింగ్ ఉన్న కేబుల్ వాడి డిస్క్‌ను కన్సోల్‌కు కొంచెం దూరంగా ఉంచండి. వైఫై రౌటర్ పక్కనే ఉంటే కన్సోల్‌ను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం కూడా మంచిదే.