లినక్స్‌లో స్పీకర్ల రొద: నా దగ్గర ఒకటి కాదు, రెండు శబ్దాలు కలిసి వచ్చాయి

మీరు అడిగింది ఇదీ. చిత్తూరులో మీ పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ వేశారు. పాట ఆగిన కాసేపటికి స్పీకర్లలో జుయ్యిమని రొద మొదలవుతోంది, మళ్లీ పాట పెడితే తగ్గుతోంది కానీ పూర్తిగా పోవడం లేదు. విండోస్‌లో ఇంత లేదు. రిపేరు షాపులో మదర్‌బోర్డు మార్చాలన్నారు. మార్చాలా?

ఇప్పుడే మార్చకండి. "పాట ఆగిన కాసేపటికి" అని రాశారు చూడండి, సగం జవాబు అందులోనే ఉంది. "పూర్తిగా పోవడం లేదు" అన్నది మిగతా సగం. తిరుపతిలో నేను మూడు వారాలు ఇదే గొడవ పడ్డాను. చివరికి తేలింది ఏమిటంటే, నాకు వినిపిస్తున్నది ఒక శబ్దం కాదు, రెండు. ఒకటి గోడలోంచి, ఇంకొకటి లినక్స్ సెట్టింగుల్లోంచి. ఒకదాన్ని సరిచేసినా రెండోది మిగిలి ఉండేది. దాంతో "ఇది కారణం కాదు" అనుకుని, చేసిన మంచి పనిని మళ్లీ వెనక్కి తిప్పేసేవాణ్ణి. మీరు అలా చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది కొర్లగుంటలో అద్దె ఇల్లు. మా అవ్వ గంగమ్మ జాతర రోజుల్లో పాడే పాటల్ని మా మామ ఎప్పుడో టేప్ రికార్డర్‌లో పట్టి పెట్టాడు. నాలుగు క్యాసెట్లు. టేపు పాడైపోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. అవ్వ ఇప్పుడు లేదు. పాటకూ పాటకూ మధ్య ఆమె చెయ్యి కదిలితే గాజులు గలగలమంటాయి, ఎవరో పిల్లాణ్ణి "ఒరే, గమ్మునుండు" అంటుంది. నా మొదటి రికార్డింగులో ఆ గాజులు రొద కింద పూర్తిగా మునిగిపోయాయి. అందుకే వదిలిపెట్టబుద్ధి కాలేదు.

మొదట ఉబుంటు తీసేసి మళ్లీ వేశాను, తర్వాత ఫెడోరా అనే ఇంకో లినక్స్ వేశాను. అదంతా దండగ. నాకు దారి చూపించింది ఆడాసిటీ అనే సౌండ్ రికార్డింగ్ ప్రోగ్రాము. టేపు ఆడించకుండా, అన్నీ కలిపి ఉంచి, పది సెకన్లు ఉత్త నిశ్శబ్దం రికార్డు చేశాను. దాన్ని సెలెక్ట్ చేసి, అనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ నొక్కితే గ్రాఫు వస్తుంది. అందులో 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర మేకులు దిగ్గొట్టినట్టు నిటారుగా గీతలు లేచాయి. మన దేశంలో ఇళ్లకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్. ఆ అంకె, దానికి రెండింతలు, మూడింతలు కనిపించాయంటే శబ్దం కరెంటు లైన్ నుంచి వస్తోందని అర్థం. దానికి లినక్స్ ఏ పాపమూ ఎరగదు. వీటితో పాటు పై ఫ్రీక్వెన్సీల్లో గజిబిజిగా ఇంకో గుంపు ఉంది. నేను మౌస్ కదిపితే అది కదిలేది. అదీ రెండో శబ్దం.

కరెంటు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఇది చెవులకే కాదు, ప్రాణానికీ సంబంధించింది. నా కంప్యూటర్ క్యాబినెట్ రేకు మీద వేలి వెనక భాగంతో మెల్లగా రాస్తే జిల్లుమనేది. టెస్టర్ పెడితే సన్నగా వెలిగేది. ఎలక్ట్రీషియన్ అన్నను పిలిస్తే సాకెట్ విప్పి చూపించాడు: మూడో రంధ్రం వెనక వైరే లేదు. పైకి మూడు రంధ్రాల సాకెట్, లోపల ఎర్తు ఖాళీ. అలాంటప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బాలో) ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు రేకు మీదికి వస్తుంది. భూమిలోకి పోయే దారి లేక, ఆడియో వైరు పైతొడుగు పట్టుకుని టేప్ రికార్డర్ వైపు, స్పీకర్ల వైపు పోతుంది. మనకు వినపడే ఆ లోతైన హూంకారం అదే. ఆయన మల్టీమీటర్ పెట్టి ఫేజుకూ న్యూట్రల్‌కూ 230 దాకా చూపించాడు. ఫేజుకూ ఎర్తుకూ పెడితే అంకె నిలవలేదు. మీటరు బోర్డు నుంచి పచ్చ వైరు లాగి కలిపాక అక్కడా 230కి దగ్గరగా వచ్చింది, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు వోల్టుల లోపే. ఈ కొలతలు మీరు సొంతంగా తీయకండి, తెలిసినవాళ్ల చేత చేయించండి. మన వైపు ఎండాకాలంలో ఎర్తు గుంత కూడా ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాత గుంత అయితే నీళ్లు పోయించండి.

ఇంకొక మాట. ఆ హూంకారం పోవడానికి ప్లగ్గుకు ఉన్న ఎర్తు పిన్ను తీసేయమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. శబ్దం తగ్గొచ్చు, కానీ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు క్యాబినెట్ ముట్టుకున్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. ఎర్తు ఉంచుకునే శబ్దం తగ్గించే దారులున్నాయి. స్పీకర్లు, కంప్యూటర్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. కేబుల్ టీవీ వైరు అందులో ఎక్కడైనా కలిసి ఉంటే ఒకసారి పీకి చూడండి. అప్పటికీ ఉంటే ఆడియో వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ దొరుకుతుంది, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా గమనించండి. నా గదిలో ఫ్యాను రెండులో ఉంటే గరగర పెరిగేది, ఐదులో పెడితే తగ్గేది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటును ముక్కలుగా కోసి వేగం తగ్గిస్తుంది, ఆ కోతల శబ్దం పక్కనున్న ఆడియో వైర్లకు అంటుకుంటుంది. క్యాసెట్లు ఎక్కించినన్నాళ్లూ ఫ్యాను ఆపేసి, మే నెల ఉక్కలో తడి తువ్వాలు మెడకు చుట్టుకుని కూర్చున్నాను.

ఎర్తు పడ్డాక గ్రాఫులో ఆ మేకులు బాగా కుంగాయి. కానీ చెవికి రొద ఇంకా ఉంది. గ్రాఫు లేకపోయుంటే ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చిన డబ్బు వృథా అనుకునేవాణ్ణి.

ఇక లినక్స్ వైపు. మీ లక్షణం దీనికే సరిపోతుంది. మదర్‌బోర్డులో ఉండే సౌండ్ చిప్‌ను ఎక్కువగా నడిపేది ఎస్‌ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ అనే డ్రైవర్. పేరులో ఇంటెల్ ఉన్నా ఏఎమ్‌డీ బోర్డుల్లోనూ ఇదే పనిచేస్తుంది. దీనికి పవర్ సేవ్ అని ఒక సెట్టింగు ఉంది. ఇన్ని సెకన్లు శబ్దం ఏమీ లేకపోతే చిప్‌ను నిద్రపుచ్చుతుంది. నా దాంట్లో 10 అని ఉంది. చిప్ నిద్రపోగానే స్పీకర్ల వైరుకు అటు చివర పట్టుకునేవాళ్లు లేనట్టవుతుంది, చుట్టుపక్కల రొద అంతా అందులోకి దిగుతుంది. నిద్రలోకి పోయేటప్పుడు, లేచేటప్పుడు టప్‌మని చిన్న చప్పుడు కూడా వస్తుంది. మీకు అది వినిపిస్తోందా?

పరీక్ష సులభం. సిస్ ఫోల్డర్‌లో మాడ్యూల్, అందులో ఆ డ్రైవర్ పేరు, అందులో పారామీటర్స్, అక్కడ పవర్ సేవ్ ఫైలు. రూట్ (అడ్మిన్) అధికారంతో అందులో 0 రాయండి. రీబూట్ దాకానే ఉంటుంది కాబట్టి భయం లేదు. పాట ఆపి ఒక నిమిషం వినండి. రొద రాకపోతే దొరికినట్టే. శాశ్వతంగా కావాలంటే ఈటీసీలోని మోడ్‌ప్రోబ్ డాట్ డి ఫోల్డర్‌లో కొత్త కాన్ఫ్ ఫైలు పెట్టి, ఆప్షన్స్ అన్న మాట, డ్రైవర్ పేరు, పవర్ సేవ్ ఈక్వల్స్ 0 అని ఒకే వరుసలో రాయండి. టీఎల్‌పీ లాంటి బ్యాటరీ పొదుపు ప్రోగ్రాములు ఉంటే అవి దీన్ని మళ్లీ మార్చేస్తాయి, వాటి సెట్టింగూ చూడండి. కొత్త ఉబుంటులో శబ్దాన్ని నడిపించే పైప్‌వైర్ అనే ప్రోగ్రాము ఉంటుంది. దాని వెనక ఉండి సౌండ్ పరికరాలను చూసుకునే వైర్‌ప్లంబర్ కూడా ఐదు సెకన్లకే పరికరాన్ని సస్పెండ్ చేస్తుంది. ఆ సస్పెండ్ టైమవుట్‌నూ 0 చేయాల్సి రావచ్చు. వైర్‌ప్లంబర్ 0.5 నుంచి ఫైలు రాసే పద్ధతి మారిపోయింది, లువా భాషలో ఉండే పాత సూచనలు చూసి రాస్తే పనిచేయదు.

మౌస్ కదిపితే మారే సన్నటి కీచుదనం వేరు. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (సౌండ్ కార్డు వాల్యూములు మార్చే ప్రోగ్రాము) తెరిచి, ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డును ఎంచుకోండి. ప్లేబ్యాక్ వరుసలో మైక్, ఫ్రంట్ మైక్, లైన్, బీప్ అని కనిపిస్తాయి. కింద 00 అని ఉంటే అవి తెరిచి ఉన్నట్టు, అంటే ఖాళీ మైక్ రంధ్రంలోని రొద నేరుగా స్పీకర్లకు పోతోంది. ఎం నొక్కితే ఎంఎం అని మారి మూసుకుంటుంది. మైక్ బూస్ట్ ఉంటే సున్నాకు దించండి. నా దాంట్లో ఫ్రంట్ మైక్ తెరిచే ఉంది. మూయగానే గదిలో ఏదో దీపం ఆర్పినట్టు అయింది. తర్వాత సుడోతో (రూట్ అధికారం ఇచ్చే కమాండు) ఆల్సాసీటీఎల్ స్టోర్ కొట్టండి, గుర్తుంచుకుంటుంది. స్పీకర్లు ముందు జాక్‌లో ఉంటే వెనక పచ్చ జాక్‌కు మార్చండి. ముందు జాక్ వైరు క్యాబినెట్ లోపల గ్రాఫిక్స్ కార్డు పక్కగా వస్తుంది.

ఇవన్నీ అయ్యాక కూడా కీచుదనం మిగిలితే, మదర్‌బోర్డు జోలికి పోకుండా చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. తక్కువ ధరలోనే వస్తుంది, లినక్స్‌లో మామూలుగా పెట్టగానే పనిచేస్తుంది. సౌండ్ తయారయ్యే చోటు క్యాబినెట్ బయటికి వచ్చేస్తుంది కదా.

ఈ రాత్రి పవర్ సేవ్ ఒక్కటి 0 చేసి చూడండి, వేరే ఏదీ ముట్టుకోకండి. తర్వాత పది సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసి, గ్రాఫులో ఏ అంకెల దగ్గర గీతలు లేస్తున్నాయో, ఎఫ్6లో మీ కార్డు పేరు ఏముందో ఇక్కడే రాయండి. 50, 100 దగ్గర గట్టిగా ఉంటే రేపే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్ విప్పించండి.