టోపాలజీ దగ్గర ఆగిందా? ముందు పుర్రె అడుగు చూడండి

0.7 మిల్లీమీటర్ల మెదడు ఎమ్‌ఆర్‌ఐ స్కాన్‌ను హైరెస్ ఫ్లాగుతో (1 మిల్లీమీటరుకు కుదించకుండా నడపమనే ఆప్షన్) ఫ్రీసర్ఫర్‌కి, అంటే స్కాన్ నుంచి మెదడు ఉపరితలాన్ని గీసే ప్రోగ్రాంకి ఇస్తే, ఆ ఉపరితలంలోని చిల్లులనూ అతుకులనూ సరిచేసే టోపాలజీ సవరణ రెండు రోజులుగా కదలడం లేదనీ, మెమరీ పెంచితే తెములుతుందా అనీ అడిగారు. తెమలదు. ఇదే ఆశతో నేను 32 జీబీల నుంచి 64కి మారి, మరో మూడు రోజులు పోగొట్టుకున్నాను.

లాగ్ ఫైలు తెరిచి, ‘కరెక్టింగ్ డిఫెక్ట్’ అని మొదలయ్యే చివరి పంక్తి చూడండి. ఆ లోపంలో ఎన్ని శీర్షబిందువులు (ఉపరితలాన్ని అల్లే చుక్కలు) ఉన్నాయో పక్కనే ఉంటుంది. మామూలు లోపాలకు అది పదుల్లోనో వందల్లోనో ఉంటుంది. నాది 41 వేలు! 1 మిల్లీమీటరు స్కాన్‌లో ఒక అర్ధగోళానికి సుమారు లక్షన్నర బిందువులు వస్తే, 0.7 దగ్గర దాదాపు రెట్టింపు వస్తాయి. అంటే ఉపరితలంలో ఏడో వంతు ఒక్క లోపమే. ఇంత పెద్దది మడతల్లో పడ్డ చిల్లు కాదు, మెదడు కానిదేదో మెదడుకు అతుక్కుపోయిందని అర్థం.

సవరణకు ముందరి ఉపరితలం ‘ఆరిగ్ నోఫిక్స్’ పేరుతో ఉంటుంది. దాన్ని ఫ్రీసర్ఫర్‌తో వచ్చే ఫ్రీవ్యూ అనే వ్యూయర్‌లో స్కాన్ మీద వేసి, కరోనల్ కోతలు (ముఖానికి సమాంతరంగా ఉండే నిలువు కోతలు) ఒక్కొక్కటే జరుపుతూ పోయాను. చెవి పక్కనుండే టెంపోరల్ లోబ్ కింద ఆ ఉపరితలపు గీత మెదడు దాటి పుర్రె అడుగు ఎముకలోకి దిగిపోయింది. ఆ ఎముక మజ్జలో కొవ్వు ఉంటుంది. టీ1 చిత్రంలో (ఫ్రీసర్ఫర్‌కి ఇచ్చే ఎమ్‌ఆర్‌ఐ రకం) అది మెదడు లోపలి వైట్ మ్యాటర్ లాగే తెల్లగా వెలుగుతుంది. ప్రోగ్రాం మోసపోవడంలో వింత లేదు.

అసలు తప్పు ఇంకా ముందే జరిగింది. వెలుగు సరిచేసిన చిత్రంలో వైట్ మ్యాటర్ విలువ 110 దగ్గర ఉండాలి. నాకు మెదడు నడుమ అంతే ఉంది, టెంపోరల్ లోబ్ కొసకు వచ్చేసరికి 80. మాది 7 టెస్లా స్కాన్, అంటే చాలా బలమైన అయస్కాంతంతో తీసింది. ఆ బలం దగ్గర రేడియో తరంగం తలంతా సమంగా పరుచుకోదు, కింది భాగాలు మసకబారతాయి. దాంతో పుర్రె తొలగింపూ తడబడింది.

మొదట కంట్రోల్ పాయింట్లు, అంటే ‘ఇక్కడ వైట్ మ్యాటర్ ఉంది’ అని చేత్తో పెట్టే గుర్తులు, పెట్టాను, నూట నలభై దాకా. ఆ పని మీరు చేయకండి. చీకటిని ఆ గుర్తులతో నెట్టుకొస్తే వైట్ మ్యాటర్ హద్దు దాని పైపొర అయిన గ్రే మ్యాటర్‌లోకి ఉబ్బింది. అన్నీ తీసేసి, స్కాన్‌ను ముందుగా ఎస్‌పీఎమ్ అనే మరో ప్రోగ్రాంలో బయాస్ సవరణకు, అంటే వెలుగు హెచ్చుతగ్గులను సమం చేయడానికి పంపాను. వెలుగు తేడాను ఎంత మేరలో నునుపుగా లెక్కించాలో చెప్పే వెడల్పును డిఫాల్ట్ 60 మిల్లీమీటర్ల నుంచి 30కి తగ్గించాను. పుర్రెను సింత్‌స్ట్రిప్ అనే పుర్రె తొలగింపు సాధనంతో తీసి, మిగిలిన ముక్కలను చేత్తో చెరిపాను. ఆ తర్వాత అదే టోపాలజీ సవరణ రెండున్నర గంటల్లో ముగిసింది.

మధ్యలోంచి మళ్లీ నడిపేటప్పుడు హైరెస్ ఫ్లాగు తిరిగి ఇవ్వడం మరిచిపోకండి. ఎక్స్‌పర్ట్ ఫైలులో (అదనపు సెట్టింగులు రాసి ఇచ్చే ఫైలు) ఉపరితలాన్ని బుడగలా ఉబ్బించే ఇన్‌ఫ్లేట్ దశకు ఆవృత్తుల సంఖ్యను 100 చేయండి. బిందువులు ఇన్ని ఉన్నప్పుడు మామూలు సంఖ్యకు ఉపరితలం నునుపుగా ఉబ్బదు. మీది ఎమ్‌పీ2రేజ్ (7 టెస్లాలో తరచూ వాడే స్కాన్ పద్ధతి) అయితే తల చుట్టూ ఇసుక చల్లినట్టుండే నాయిజ్‌ను ముందే తీయాలి, లేకపోతే పుర్రె తొలగింపు అక్కడే చెడుతుంది.

ఇంకొకటి, స్కాన్ తీసినవారిని అడిగి తెలుసుకోండి: ఆ 0.7 నిజంగా కొలిచిందా, లేక 1 మిల్లీమీటరు చిత్రాన్ని యంత్రంలోనే సాగదీసిందా? రెండోదైతే హైరెస్ తీసేసి మామూలుగా నడపండి.