పాత క్యాలెండర్ ఫైల్ కోసం వెతకొద్దు

ప్రశ్న: మా లైబ్రరీలో పుస్తకాల లెక్కంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2003లో ఎవరో చేసిపెట్టిన డేటాబేస్‌లోనే. ఈమధ్య కొత్త కంప్యూటర్ వచ్చింది, 64 బిట్ ఆఫీస్ వేశారు. అప్పటి నుంచి పుస్తకం ఇచ్చే ఫారం తెరిస్తే ఎర్రర్ వస్తోంది, క్యాలెండర్ కనబడటం లేదు. విచిత్రమేమిటంటే, క్యాలెండర్‌తో సంబంధమే లేని బాకీల రిపోర్టు కూడా ఆగిపోయింది. పాత కంప్యూటర్‌లోంచి ఎంఎస్‌క్యాల్ డాట్ ఓసీఎక్స్ అనే ఆ క్యాలెండర్ ఫైల్ తెచ్చి పెట్టుకోమని తెలిసినాయన చెప్పారు. పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. అది 32 బిట్ ఫైల్, 64 బిట్ ఆఫీస్‌లో లోడ్ కాదు. ఆ క్యాలెండర్ కంట్రోల్‌ను మైక్రోసాఫ్ట్ 2010 వెర్షన్ నుంచే తీసేసింది. 32 బిట్ ఆఫీస్ మళ్లీ వేయించుకుని దాన్ని నడిపించేవాళ్లూ ఉన్నారు గానీ, తర్వాతి కంప్యూటర్‌కి మళ్లీ ఇదే తలనొప్పి.

రిపోర్టు ఎందుకు ఆగిందో ముందు చూద్దాం. ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కండి, కోడ్ విండో వస్తుంది. అక్కడ టూల్స్‌లో రెఫరెన్సెస్ (డేటాబేస్ వాడుకునే బయటి ఫైళ్ల జాబితా) తెరిస్తే క్యాలెండర్ కంట్రోల్ పేరు ముందు ‘మిస్సింగ్’ అని ఉంటుంది. ఒక్క రెఫరెన్స్ దొరకకపోయినా డేట్, ఫార్మాట్, లెఫ్ట్ లాంటి మామూలు ఫంక్షన్లు కూడా మొరాయిస్తాయి. మీ రిపోర్టులో ఇవాళ్టి తేదీ లెక్క ఉండే ఉంటుంది, అందుకే ఆగింది. ఫారాన్ని డిజైన్ వ్యూలో తెరిచి క్యాలెండర్‌ను డిలీట్ చేయండి, తర్వాత రెఫరెన్సెస్‌లో దాని పేరు ముందున్న టిక్ తీసేయండి.

ఇక కొత్త క్యాలెండర్ కొనక్కర్లేదు, డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. 2007 నుంచి యాక్సెస్‌లోనే డేట్ పికర్ ఉంది. తేదీ టెక్స్ట్ బాక్స్‌లో క్లిక్ చేస్తే పక్కనే చిన్న బొమ్మ వస్తుంది. రాలేదంటే ప్రాపర్టీస్‌లో ‘షో డేట్ పికర్’కి ‘ఫర్ డేట్స్’ అని ఉందో లేదో చూడండి. బాక్స్ ఏ ఫీల్డ్‌కీ కలిపి లేకపోతే ఫార్మాట్‌లో ‘షార్ట్ డేట్’ పెట్టాలి. అప్పటికీ రాకపోతే ఇన్‌పుట్ మాస్క్ (తేదీని ఫలానా రూపంలోనే టైప్ చేయించే నమూనా) ఉండుంటుంది. అది ఉంటే పికర్ రాదు. పాత డేటాబేస్‌లు చేసినవాళ్లకి ఈ మాస్క్ అంటే మహా ఇష్టం!

పాత క్యాలెండర్ క్లిక్ కింద రాసిన కోడ్ మాత్రం దానంతటది రాదు. తిరిగివ్వాల్సిన తేదీని లెక్కగట్టే వరుసలు అక్కడుంటే, వాటిని టెక్స్ట్ బాక్స్ ‘ఆఫ్టర్ అప్‌డేట్’లోకి (బాక్స్‌లో తేదీ మార్చాక నడిచే కోడ్‌లోకి) మార్చండి. తర్వాత డీబగ్‌లో కంపైల్ నొక్కితే, పాత క్యాలెండర్ పేరు ఇంకా ఎక్కడెక్కడ మిగిలిందో చాలావరకు అదే చూపిస్తుంది.

చివరగా, తేదీతో వెతికే కోడ్‌ను తప్పకుండా పరీక్షించండి. కొత్త కంప్యూటర్‌లో తేదీ రోజుతో మొదలయ్యేలా సెట్ చేసి ఉంటే, ఆ తేదీని అలాగే అతికించిన క్వెరీ (డేటాలో వెతికే ఆదేశం) 5/3ని మార్చి 5గా కాక మే 3గా చదువుతుంది, ఎందుకంటే హాష్ (#) గుర్తుల మధ్య రాసిన తేదీలో యాక్సెస్ ముందు నెలనే చూస్తుంది. 25/3 ఇస్తే మాత్రం 25వ నెల లేదు కాబట్టి సరిగ్గానే అర్థం చేసుకుని, అంతా బాగానే ఉందని మనల్ని నమ్మిస్తుంది. కాబట్టి 12లోపు తేదీతో చూడండి. తప్పు వస్తే క్వెరీలోకి పంపేముందు ఫార్మాట్ ఫంక్షన్‌తో సంవత్సరం, నెల, రోజు వరుసలోకి మార్చండి.