సబ్బు రుద్దితే ఎర్రబడిన పసుపు మరక – సమాధానం

తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకో. విజయనగరం పెళ్లిలో దప్పళం గరిటె జారి తెల్ల చొక్కా జేబు మీద పడిందనీ, సబ్బు రుద్దగానే పసుపు మరక కాస్తా రక్తంలా ఎర్రబడిందనీ, ఎల్లుండి రిసెప్షన్‌కి అదే చొక్కా వేసుకోవాలనీ రాశావు కదా. బట్టేమీ పాడవలేదు. పసుపులో ఉండే కర్కుమిన్‌కి సబ్బులోని క్షారం తగిలితే ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపులోకి వచ్చేస్తుంది. కాస్త నిమ్మరసం పిండి చూడు, నీ కళ్లముందే రంగు మారుతుంది.

ఇక అసలు పని. దప్పళంలో పోపు నూనె కూడా ఉంటుంది కాబట్టి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క మరక మీద వేసి, లోపలి వైపు నుంచి వేళ్లతో మెల్లగా రుద్ది చల్లనీళ్లతో జాడించు. మళ్లీ ఎర్రబడితే కంగారు పడకు, కారణం అదే. నిమ్మరసం రాసి, కాసేపాగి బాగా కడిగేసి, తడి ఆరకముందే డాబా మీద మరక ఎండకి ఎదురుగా ఉండేలా ఆరేయి. ఈ రంగు వెలుతురుకి తట్టుకోలేదు, మన ఉత్తరాంధ్ర ఎండైతే చెప్పనక్కర్లేదు! ఒక్క ఎండకి పూర్తిగా పోకపోతే తడిపి మళ్లీ వెయ్యి.

వేడినీళ్లు వద్దు. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ అసలే వద్దు, వేడికి అది పట్టేస్తుంది. మబ్బు పట్టిందంటే మాత్రం మీ బావ చొక్కా ఒకటి ఇప్పుడే అడిగి ఉంచుకో.