చిన్న విమానంలో థ్రాటిల్ (పవర్ పెంచే, తగ్గించే లివర్) ముట్టకుండానే ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) పడిపోతోందా?

మీ విమానంలో ఇలా జరిగిందని రాశారు. అది కార్బ్యురేటర్ ఐసింగ్ లాగే ఉంది, అంటే ఇంజిన్‌కి గాలి, పెట్రోలు కలిపి పంపే భాగంలో మంచు పేరుకోవడం. బయట 20 డిగ్రీలుంటే మంచు ఎక్కడిదని అడిగారు. వెంచురీలో (కార్బ్యురేటర్ లోపలి ఇరుకు దారిలో) గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది, పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. అక్కడ ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. తేమ గడ్డకట్టి దారి ఇరుకైతే సిలిండర్లకు గాలి తగ్గి, పవర్ పడిపోతుంది.

మీరు తప్పింది ఒక్కచోటే: కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే నాబ్) లాగగానే ఇంజిన్ ఇంకా రఫ్‌గా తిరిగిందని వెంటనే లోపలికి నెట్టేశారు. నిజానికి అది పనిచేస్తోందనడానికి గుర్తు! కరిగిన నీళ్లు సిలిండర్లలోకి పోతున్నాయి. కాసేపు దగ్గుతుంది, టెన్షన్ పడొద్దు.

ఈసారి ఇలా:

1. నాబ్ పూర్తిగా లాగండి, సగం వద్దు.
2. ఆర్‌పీఎం ముందు పడుతుంది. వేడి గాలి పలచన కదా.
3. రఫ్‌గా ఉన్నా అలాగే ఉంచండి. ఒక నిమిషం పట్టొచ్చు.
4. ఆర్‌పీఎం మెల్లగా పైకి లేచి నిలకడగా ఆగాకే లోపలికి నెట్టండి.

నెట్టాక ఆర్‌పీఎం పడిపోకముందున్న అంకెకు వస్తే కారణం మంచు అన్నమాటే. లాగి ఉంచినా ఏమాత్రం కోలుకోకపోతే దగ్గర్లో దిగి, మాగ్నెటోలు (ప్లగ్గులకు కరెంటు ఇచ్చేవి), ప్లగ్గులు మెకానిక్‌కి చూపించండి.